చెక్క ముక్కలా, ప్లాస్టిక్ బ్లాకులా, ఇసుక కుప్పా? ఎల్‌కేజీ వయసు పిల్లలకు ఏది కొనాలి, ఏ బడి చూడాలి

పోయిన ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తారని తెలిసి అందరిలాగే మేమూ పిల్లలను తీసుకుని వెళ్లాం. మా చిన్నోడికి అప్పటికి నాలుగున్నరేళ్లు. నల్లగొండకు తిరిగొచ్చాక రెండు రోజులు వాడికి డ్యామ్ కట్టే పనే. చెక్క ముక్కలు నిలబెట్టడం, మధ్యలో సందు వదలడం, పైన అడ్డంగా ఇంకో ముక్క పెట్టడం. తొమ్మిదో గేటు దగ్గర ముక్కలు అయిపోయాయి. “సాగర్‌కు ఎన్ని గేట్లు డాడీ?” అని అడిగితే మా ఆయన ఉన్న మాట చెప్పేశాడు, 26 అని. ఇక ఏడుపు చూడాలి. ప్లాస్టిక్ బ్లాకుల డబ్బా, వంటింట్లో అగ్గిపెట్టెలు, మా అత్తమ్మ మందుల డబ్బాలు, అన్నీ తెచ్చి పెట్టినా 16 దాటలేదు. దేని ఎత్తు దానిదే కాబట్టి పైన పెట్టిన అడ్డ ముక్క జారిపోతూనే ఉంది.

బొమ్మలు కొనడంలో నేను చేసిన తప్పేమిటో ఆ రోజు తెలిసింది. మా ఇంట్లో ఆరు రకాల సెట్లు ఉన్నాయి. ఒక్క సెట్టూ ఒక్క డ్యామ్‌కు సరిపోదు.

జూన్ దగ్గర పడుతుంటే తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను ఇవే అడుగుతున్నారు: పాపకు బిల్డింగ్ బ్లాకులు కొందామనుకుంటున్నాం, ఏవి మంచివి? ప్లే స్కూల్లో వేయాలా, మామూలు బడిలో ఎల్‌కేజీలో వేయాలా? నేను పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. కాబట్టి రెండు వైపుల నుంచీ చూసిన లెక్క ఇది.

ముందు ఆ బడి గురించి ఒక మాట. ఆఫీసు గది పక్కన అద్దాల బీరువా ఉండేది. దాని నిండా బ్లాకులు, పజిళ్లు, చెక్క రైలు. తాళం ఆఫీసులోనే. అడ్మిషన్ల సీజన్‌లో తల్లిదండ్రులు వచ్చినప్పుడు లైటు వేసి చూపించేవాళ్లు. నాలుగేళ్లలో ఆ బీరువా పిల్లల కోసం తెరవడం నేను చూసింది మూడుసార్లు, అందులో ఒకసారి ఫోటోల కోసం. ముక్కలు పోతాయి మేడమ్, లెక్క ఎవరు చెబుతారు అనేవాళ్లు. మా క్లాసు పిల్లలు నీళ్లకు వెళ్తూ అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్లు. రోజూ సాయంత్రం ఆయమ్మ ఆ ముక్కు మరకలు తుడిచేది.

అసలు ఎల్‌కేజీలో ‘కేజీ’ అంటే కిండర్‌గార్టెన్, జర్మన్‌లో పిల్లల తోట. మన పిల్లల బ్యాగులు చూస్తే కిలోలే అనిపిస్తుంది గానీ. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలోని బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్న పిల్లల కోసం మొదలుపెట్టిన బడికి తర్వాత ఆ పేరు పెట్టాడు. ఆ బడిలో పలకా బలపం కంటే ముందు పిల్లల చేతికి ఇచ్చినవి ఊలు బంతులు, చెక్క ముక్కలు. రెండంగుళాల ఘనం, విడదీస్తే ఒక్కో అంగుళం ఉండే చిన్న ఘనాలు ఎనిమిది. ఆ పద్ధతి అక్కడే ఆగి, పేరు మాత్రమే మన దాకా వచ్చింది.

మొదట బొమ్మల సంగతి

బజారులో దొరికేవాటిని నేను ఐదు రకాలుగా చూస్తాను. ఒకదానికొకటి అతుక్కోని మామూలు చెక్క ముక్కలు, లెగో లాంటి అతుక్కునే ప్లాస్టిక్ బ్లాకులు, అయస్కాంతం పలకలు, డబ్బా మీద బొమ్మ వేసి అదొక్కటే తయారయ్యే కిట్లు, ఇక డబ్బులు పెట్టక్కర్లేని మట్టి, ఇసుక, బెండు. ఈ ఐదింటికీ సమానంగా చోటివ్వను. ఎల్‌కేజీ వయసుకు ఒక్కటే కొనాలంటే నా ఓటు చెక్క ముక్కలకే. కాబట్టి వాటి గురించే ఎక్కువ చెబుతాను.

చెక్క ముక్కలకు ఒక కొలత ఉంది, చాలామందికి తెలియదు. న్యూయార్క్‌లో 1914లో చిన్న బడి పెట్టిన కరోలిన్ ప్రాట్ అనే టీచర్ తయారు చేయించిన ముక్కలు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక ముక్క పొడవు ఐదున్నర అంగుళాలు, వెడల్పు అందులో సగం, మందం మళ్లీ అందులో సగం. అంతే రహస్యం. రెండు సగం ముక్కలు కలిపితే ఒక ముక్క. రెండు ముక్కలు కలిపితే 11 అంగుళాల పొడుగు ముక్క. ఏది దేని పక్కన పెట్టినా లెక్క కుదురుతుంది. రంగుల్లేవు, బొమ్మల్లేవు, అంకెల్లేవు.

ఇది పిల్లల చేతిలో ఎలా పని చేస్తుందో ఒకటి చెబుతాను. ఒకరోజు నేను కందిపప్పులో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. చిన్నోడు వంతెన కడుతున్నాడు. ఒకవైపు పొడుగు ముక్క నిలబెట్టాడు, రెండోవైపు పొట్టిది. పైన అడ్డంగా పెడితే జారి పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. మూడోసారి పడ్డాక ముక్కను తిప్పి పెట్టాడు, తప్పు దానిదే అన్నట్టు. అదీ పడింది. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. వాడు కాసేపు ఆ రెండు స్తంభాలనూ చూసి, నేల మీద పడుకుని కింది నుంచి కూడా చూసి, ఇంకో పొట్టి ముక్క తెచ్చి పొట్టిదాని మీద పెట్టాడు. ఇప్పుడు రెండూ సమానం. అడ్డ ముక్క నిలబడింది. వాడు నా వైపు చూడను కూడా చూడలేదు. నా పప్పు గిన్నె మాత్రం అలాగే ఉంది.

రెండు సగాలు ఒకటి అన్నది నేను యూకేజీలో బోర్డు మీద గీసి చెప్పేదాన్ని. పిల్లలు గట్టిగా అప్పజెప్పేవాళ్లు. అప్పజెప్పిన పిల్లల్లో ఎందరికి వంతెన నిలబడేదో నాకు తెలియదు, నేను చూడలేదు కాబట్టి.

ఈ కట్టడాల్లో ఒక వరస ఉంటుందని హారియట్ జాన్సన్ అనే టీచర్ 1933లోనే రాసిపెట్టింది. మొదట పిల్లలు ముక్కలను ఊరికే ఇటూ అటూ మోస్తారు. తర్వాత ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, వరసగా పరుస్తారు. ఆ తర్వాత వంతెన, ఆ తర్వాత నాలుగు వైపులా మూసిన దొడ్డి. అక్కడి నుంచి అటూ ఇటూ ఒకేలా ఉండే నమూనాలు, కట్టినదానికి పేరు పెట్టడం, చివరికి చూసి వచ్చినదాన్ని కట్టడం. సాగర్ డ్యామ్ ఆ చివరి మెట్టు. రెండున్నరేళ్ల పిల్ల ముక్కలను గంపలో వేసి తీస్తూ ఉంటే ‘ఏమీ కట్టడం లేదు’ అని దిగులు పడకండి, ఆమె చేయాల్సిన పనే చేస్తోంది.

మనకు ఇది కొత్తేమీ కాదు. బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లలు పక్కన కూర్చుని చేసేది ఇదే కదా. గుమ్మడాకు పరిచి, తంగేడు, గునుగు, బంతి ఒక్కో వరస పెట్టుకుంటూ పోతే అడుగు వెడల్పు, పైకి పోతుంటే సన్నం. మా పెద్దపాప మూడేళ్లప్పుడు తన చిన్న బతుకమ్మను కింద సన్నంగా, పైన వెడల్పుగా పేర్చింది. ఎత్తగానే ఒరిగింది. మరుసటి ఏడు ఎవరూ చెప్పకుండానే కింద నాలుగు వరసలు దట్టంగా పెట్టుకుంది.

చెక్క ముక్కలు ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో మంచి సెట్ల రేట్లు చూసి నేనూ వెనక్కి తగ్గినదాన్నే. డ్యామ్ గొడవ తర్వాత కట్టెకోత మిషన్ పక్కన దర్వాజలు చేసే వడ్రంగన్న దగ్గరికి కాగితం మీద మూడు కొలతలు రాసుకుని వెళ్లాను. మిగిలిపోయిన టేకు, వేప ముక్కల్లోంచి 60 కోసిచ్చాడు. కోతకూ చిత్రికకూ కలిపి 900 తీసుకున్నాడు. రెండు సంగతులు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. ఒకటి, కొలత కచ్చితంగా రావాలి. సూతంత తేడా ఉన్నా ఐదో అంతస్తుకు గోడ వాలుతుంది. రెండు, అంచులూ మూలలూ గరుకు కాగితంతో బాగా రుద్దించాలి. రంగు, వార్నిష్ వద్దని చెప్పండి. ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి, పెచ్చులు లేచి వేళ్లలో దిగుతాయి.

చెక్కకు ఉన్న లోపం కూడా చెప్పాలి. బరువు. విసిరితే తగులుతుంది. పైఅంతస్తులో ఉంటే కింది ఇంటివాళ్లు వస్తారు, మా ఇంటికి వచ్చారు. పాత బొంత ఒకటి పరిచాక సర్దుకుంది.

ప్లాస్టిక్ బ్లాకులు. లెగో ఇటుకకు పేటెంటు దాఖలైంది 1958లో. చిన్న చేతుల కోసం అన్ని వైపులా రెట్టింపు సైజులో డూప్లో వచ్చింది 1969లో. ఇవి బిగుసుకుంటాయి కాబట్టి కట్టినది చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగొచ్చు. బస్సులో, ఆసుపత్రిలో వెయిటింగ్ దగ్గర కూడా ఆడుకోవచ్చు. వేళ్లకు బలం వస్తుంది. కానీ బరువు, నిలకడ, వాలడం అనే పాఠం ఇందులో తక్కువ. బ్లాకు పట్టుకుంటుంది కాబట్టి పిల్లవాడు బ్యాలెన్స్ గురించి ఆలోచించక్కర్లేదు. ఐదేళ్లు దాటాక ఇవే చెక్క కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. నాలుగేళ్ల లోపు చెక్కే ముందు.

జాతరల్లో, రోడ్డు పక్కన ప్లాస్టిక్ బకెట్లో అమ్మే చవక బ్లాకులు చాలామంది కొంటారు. నేనూ కొన్నాను. సగం బిగుసుకోవు, సగం ఊడిరావు. పిల్లలకు అది తమ చేతగానితనం అనిపిస్తుంది. కొన్నింటి అంచులు కోసుకునేలా ఉంటాయి. 2021 జనవరి నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద అది చూసి కొనండి.

అయస్కాంతం పలకలు చూడ్డానికి బాగుంటాయి, కిటికీలో పెడితే రంగు రంగుల వెలుతురు పడుతుంది. పిల్లలు గంటలు గడుపుతారు, అబద్ధం చెప్పను. ఖరీదు ఎక్కువ. భయం అది కాదు. చవక రకం పగిలితే లోపలి అయస్కాంతం బయటికొస్తుంది. రెండు అయస్కాంతాలు మింగితే కడుపులో పేగుల మడతలకు అటొకటి ఇటొకటి చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు నలిగి చిల్లు పడుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలు ఇంకొకరుంటే వీటిని ఇంటికే తేకండి.

ఆ వయసు పిల్లలున్న ఇంట్లో ఏ బొమ్మకైనా ఒక కొలత గుర్తుంచుకోండి. మింగితే గొంతుకు అడ్డం పడే చిన్న వస్తువులను పట్టి చూసే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. అందులోకి జారిపోయేది ఏదైనా పిల్లల చేతికి అందకూడదు.

కిట్ల గురించి రెండు ముక్కలు. డబ్బా మీద హెలికాప్టర్ ఉంటుంది, లోపల ముక్కలు పెడితే హెలికాప్టరే అవుతుంది. మా ఆయన గంట కూర్చుని చేశాడు, చిన్నోడు చూశాడు. మర్నాడు రెక్క ఊడింది. పుట్టినరోజుకు ఎవరైనా ఇస్తే సంతోషంగా తీసుకోండి, మీరు మాత్రం కొనకండి.

ఇక ఉచితంగా దొరికేవి. ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప ఉంటే ఏ పిల్లాడూ ఆగడు. పాదం మీద తడి ఇసుక ఒత్తి, మెల్లగా కాలు లాగితే పిట్టగూడు. తడి ఎక్కువైతే కూలుతుంది, తక్కువైతే రాలుతుంది, ఎంత తడి కావాలో నోటితో చెప్పడం ఎవరి వల్లా కాదు. మా పుట్టిల్లు అచ్చంపేట వైపు. మా బాపు ఇప్పటికీ మనవలకు జొన్న బెండుతో ఎడ్లబండి చేసిస్తాడు. దంటు పై చెక్కు ఒలిచి, లోపలి బెండు ముక్కలు కోసి, తుమ్మముళ్లతో గుచ్చి. చక్రాలు తిరుగుతాయి. ముంజల కాలంలో నల్లగొండ ఊళ్లలో ముంజకాయ బండ్లు ఉండనే ఉన్నాయి. వీటిలో లోటు ఒక్కటే, పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలి, ముళ్లూ కత్తీ పని కాబట్టి. ఎండాకాలం సెలవులు ఊళ్లో గడిపే పిల్లలకు ఏ సెట్టూ కొనివ్వక్కర్లేదని నా నమ్మకం. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఫోను మాత్రం దాచేయండి.

ఇష్టమొచ్చినట్టు ఆడనివ్వడమా, ఆడించడమా

బొమ్మ కంటే పెద్ద తేడా ఇక్కడ వస్తుంది. చాలా బడుల్లో ప్లే పీరియడ్ అంటే టీచర్ ముందు నిలబడి ‘అందరూ ఎర్ర బ్లాకు తీయండి, దాని మీద పసుపు పెట్టండి’ అనడం. నేనూ అలాగే చేయించాను. 30 మంది చేతుల్లో 30 ఒకేలాంటి గోపురాలు. ఫోటోకు బాగుంటుంది. దీనికి పూర్తి ఎదురు, గది తలుపు తెరిచి వదిలేయడం, టీచర్ మూలకు కూర్చుని నోట్సులు దిద్దుకోవడం. ఇది కూడా స్వేచ్ఛ కాదు. గట్టిగా ఉన్న ఇద్దరు పిల్లలు బ్లాకులన్నీ లాక్కుంటే మిగతా పిల్లలు చూస్తూ కూర్చుంటారు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. గదిలో నాలుగైదు చోట్లుంటాయి: బ్లాకులు, బొమ్మల వంటిల్లు, రంగులు, పుస్తకాలు, మట్టి. ఎక్కడికి వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో పిల్లలే తేల్చుకుంటారు. టీచర్ తిరుగుతూ, చూస్తూ, అవసరమైతేనే ఒక మాట అంటుంది. అమెరికాలోని మిషిగన్‌లో 1962 నుంచి 1967 దాకా నడిచిన పెర్రీ ప్రీస్కూల్ పద్ధతిలో దీనికి ఇంకో చిన్న ముడి ఉంది. ఆటకు ముందు పిల్లవాడు ‘నేను ఇవాళ ఇది చేస్తా’ అని చెబుతాడు, చేస్తాడు, తర్వాత ఏం చేశాడో అందరికీ చెబుతాడు. అక్కడ చదివిన పిల్లలను 40 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. ఈ మూడు మెట్లకు ఖర్చేమీ లేదు. ఇంట్లో నేను చేసేది ఇదే, రాత్రి అన్నం తినేటప్పుడు ‘ఇవాళ ఏం కట్టినవ్?’ అని అడగడం. ఎందుకు కూలిందో చెప్పేటప్పుడు వాడి వాక్యాలు పొడుగవుతాయి.

నేను చివరి ఏడాది మా క్లాసులో చేసిన ఒక చిన్న మార్పు చెబుతాను, మేనేజ్‌మెంట్‌కు చెప్పకుండా చేసినది. ఇంట్లో నుంచి తెచ్చిన పాత బ్లాకులు ఒక మూల, వంట బొమ్మలు ఇంకో మూల పెట్టేదాన్ని. అబ్బాయిలంతా బ్లాకులకు, అమ్మాయిలంతా వంటకు. ఇష్టమొచ్చింది ఆడుకోండి అంటే ఇంట్లో చూసిందే ఎంచుకుంటారు మరి. వారం తర్వాత వంట సామాను తెచ్చి బ్లాకుల పక్కనే పెట్టాను. రెండో రోజుకే ఒక పాప ‘ఇల్లు లేకుండా వంట ఎక్కడ చేస్తరు?’ అని బ్లాకులతో గోడ మొదలుపెట్టింది. ఎంపిక పిల్లలదే, దేని పక్కన ఏది ఉండాలో చూసుకోవడం టీచర్ పని. కొందరు పిల్లలు ఏదీ ఎంచుకోలేక నిలబడిపోతారు, వాళ్లకు నాలుగు కాదు, రెండే చూపించాలి.

ఇంకో పొరపాటు, ఇది ఇళ్లలోనే ఎక్కువ. బాగా కడితే చాక్లెట్ ఇస్తా అనడం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో ఒక నర్సరీ బడిలో దీన్ని పరీక్షించి చూశారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ‘వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు బొమ్మలు వేసే సమయం, ఏ ఆశా పెట్టని పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. అనుకోకుండా ఇచ్చినవాళ్లలో అలా జరగలేదు. ఆటకు కూలి ఇస్తే అది పని అయిపోతుంది. మా అత్తమ్మకు ఇది చెబితే “ఆటకు గూడ రూల్సేంది బిడ్డా” అంది. ఆమెదీ న్యాయమే.

టైము గురించి కచ్చితంగా ఉంటాను. 20 నిమిషాల ప్లే పీరియడ్ బ్లాకులకు చాలదు. ఏం కట్టాలో అనుకోవడానికే పది నిమిషాలు పడుతుంది, సర్దడానికి ఐదు. కనీసం 45 నిమిషాలు ఒకే దమ్ములో ఉండాలి.

బడి చూడ్డానికి వెళ్తే

నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా, సూర్యాపేట, వనపర్తి అయినా మన ముందు ఉండే దారులు దాదాపు ఇవే: ఇంటి దగ్గరి అంగన్‌వాడీ, గల్లీలోని చిన్న ప్రైవేటు బడి, పెద్ద పేరున్న బడి తాలూకు ప్లే స్కూలు. ఫీజును బట్టి ఆట ఉంటుందనుకోకండి. నేను చూసినవాటిలో ఎక్కువ ఫీజు ఉన్న చోటే పిల్లలు ఎక్కువసేపు డెస్కుల దగ్గర కూర్చున్నారు.

అంగన్‌వాడీలను మనం తక్కువగా చూస్తాం. 1975లో మొదలైన ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు మొదటి నుంచీ ఉన్న పని. నేల మీద కూర్చుంటారు, హోంవర్కు లేదు, మధ్యాహ్నం అన్నం ఉంటుంది. కష్టమంతా ఒక్క టీచర్ మీద పడే పని భారం. బరువులు తూచడం, ఫోన్లో వివరాలు ఎక్కించడం, ఇళ్లకు తిరగడం. టీచర్ చురుకైనదైతే మూడేళ్ల పిల్లకు ఇంతకంటే మంచి చోటు లేదంటాను. టీచర్ ఎక్కువ రోజులు మీటింగుల్లోనే ఉంటే ఆలోచించుకోవాలి. ఒక వారం వేరు వేరు వేళల్లో వెళ్లి చూడండి, తెలిసిపోతుంది.

ప్రైవేటు బడికి వెళ్తే ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి బ్లాకులు చూపించమనండి. బీరువా తాళం వెతకడానికి ఎవరైనా లేస్తే మీకు జవాబు వచ్చేసినట్టే. పిల్లల నడుమెత్తు అరల్లో ఉన్నాయా చూడండి. ఒక ముక్క చేతిలోకి తీసుకుని మూలలు చూడండి. అరిగి, గీతలు పడి, కాస్త మురికిగా ఉంటే మంచి బడి. కొత్త వాసన వస్తుంటే అనుమానించండి. ఒకే రకానివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి, పదిమంది పిల్లలకు 20 ముక్కలుంటే రోజూ కొట్లాటే. ఇంకొకటి అడగండి: సగం కట్టినది రేపటికి ఉంచుతారా? మా ఊళ్లో దీనికి అవునని చెప్పింది ఒక్క బడే. అక్కడి టీచర్ సగం కట్టిన రైల్వే స్టేషన్ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ‘ఊడవద్దు’ అని ఆయమ్మ కోసం చీటీ పెట్టింది. చిన్నోడిని అక్కడే చేర్పించాను. బస్సు లేదు, రోజూ నేనే స్కూటీ మీద దింపుతున్నాను.

ఇదంతా నా సొంత పైత్యం అనుకునేవాళ్ల కోసం: 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టింది. దాని కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక ఆటనే బోధన పద్ధతిగా తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలతో పెట్టె కూడా విడుదల చేశారు. ప్రిన్సిపాల్‌ను ఈ పేర్లు పెట్టి అడగండి. మర్యాదగా అడిగినా మంచి ప్రశ్నే.

మరి రాయడం?

ఇదే అందరి టెన్షన్. పక్కింటి పాప వంద దాకా అంకెలు రాస్తోంది, మనవాడు ఇంకా చెక్క ముక్కలు పేరుస్తున్నాడు. నాకూ ఉంది ఆ టెన్షన్. బ్లాకులు ఆడితే అక్షరాలు రావు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి. అక్షరాలు వేరేగా చెప్పాలి, కథలు చదివి వినిపించాలి. బ్లాకులు ఇచ్చేది వేరు. అమెరికాలోని సియాటిల్‌లో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ఇళ్లకు బ్లాకులు పంపారు. ఆరు నెలల తర్వాత తక్కువ, మధ్య ఆదాయం ఉన్న ఇళ్లలో మాటలు బాగా పెరిగాయి. శ్రద్ధ పెరిగిందా అంటే, తేడా కనబడలేదు. ఇంకో చోట నర్సరీలో బ్లాకులతో బాగా కట్టిన పిల్లలను హైస్కూలు దాకా చూశారు. మూడు, ఐదు తరగతుల్లో లెక్కలకూ దీనికీ సంబంధమేమీ కనిపించలేదు, ఏడో తరగతి నుంచి కనిపించింది. చూసింది 37 మందినే, కాబట్టి దీన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు. యూకేజీ ప్రోగ్రెస్ కార్డులో మాత్రం దీని ఫలితం వెతక్కండి, అక్కడ దొరకదు.

ఒకటి నా కళ్లతో చూసి చెప్పగలను. మూడున్నరేళ్లకే నాలుగు గీతల కాపీలో రాయించిన పిల్లలు పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటారు, పది అక్షరాలకే చెయ్యి నొస్తుందంటారు. వేళ్లకు పని చెప్పి, తర్వాత పెన్సిల్ ఇస్తే గొడవ తక్కువ. ఒకటో తరగతికి టెస్టు పెట్టే బడి మీ లక్ష్యమైతే యూకేజీ చివరి ఆరు నెలలు ఇంట్లో రోజూ అరగంట రాత పెట్టుకోండి, చాలు. ఆ టెస్టు కోసం మూడేళ్ల పిల్ల ఆట తీసేయకండి.

ఎవరికి ఏది

చేతిలో 500 ఉంటే వడ్రంగి దగ్గర 30 ముక్కలు చేయించండి, మిగతావి తర్వాత కలుపుకోవచ్చు, కొలత కాగితం దాచుకోండి. 1000, 1500 దాకా పెట్టగలిగితే 60 నుంచి 80 చెక్క ముక్కలు, వాటితో పాటు మూతలు, దారపు రీళ్లు, గవ్వలు ఒక డబ్బాలో వేసి ఇవ్వండి. అద్దె ఇల్లు, పైఅంతస్తు, కోపిష్టి ఓనర్ అయితే ఐఎస్ఐ గుర్తున్న పెద్ద సైజు ప్లాస్టిక్ బ్లాకులు మేలు. అన్నా చెల్లెళ్ల పిల్లలంతా ఒకే ఇంట్లో ఉంటే రెండు రకాలు కొనకండి, ఒకే రకం రెట్టింపు కొనండి. ఐదేళ్లు దాటినవాళ్లకు కొత్తగా కొంటుంటే చిన్న సైజు అతుక్కునేవి. ఏదైనా సరే, అందేలా పెట్టండి, బీరువా మీద కాదు.

మా 60 ముక్కలు వచ్చిన వారానికి చిన్నోడు హాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా 26 గేట్లూ నిలబెట్టాడు. ఒక్కోటి వేలు పెట్టి లెక్కపెట్టాడు, 19 తర్వాత 21 అన్నాడు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పుడే మా అత్తమ్మ పూజ గదిలోంచి వస్తూ గమనించలేదు. కొంగు తగిలి ఒక చివర నుంచి టపటపా అన్నీ ఒరిగాయి. ఆమె నోటి మీద చెయ్యేసుకుంది. నేను ఏడుపు కోసం చెవులు మూసుకోబోయాను. వాడు లేచి నిలబడి చేతులు చాపాడు.

“గేట్లు ఎత్తిండ్రు నాయినమ్మా, జరుగు జరుగు, తడుస్తవ్!”